మన విల్లు: దాని దారువు, దాని చరిత్రము

ఆదవాని, యెమ్మిగనూరు ప్రాంతముల వాల్మీకి బోయలమగు మనము విలుకాండ్ర సంతతివారమని చెప్పుకొందుము. ఆ గర్వము తగినదే. అయినను విల్లు పట్టినవానిని పొగడు మనము విల్లు చేసినవానిని తలచుట యరుదు. ఆ పనితన మెట్టిది, అది మన చేతినుండి యేల జాఱెను అను రెండంశములను ఇచట విన్నవింతుము.

మొదట దారువు. మేము పాఠశాలలో సంస్కృతము చెప్పిన కాలమున కోదండము, కార్ముకము అని వల్లించు బాలురు పెక్కుమంది యుండిరి. విల్లు ఏ చెట్టుదో చెప్పగలవాడు కనబడలేదు. కార్ముకమను పేరే కృముకమను మ్రానివలన వచ్చినది. అగ్నిపురాణము ధనుస్సునకు లోహము, శృంగము, దారువు అని మూడు ద్రవ్యములు చెప్పి, దారుచాపము నాలుగు హస్తముల పొడవుండుట శ్రేష్ఠమనినది. చందనము, సాలము, మద్ది మొదలగు మ్రాకులను పేర్కొని, శరత్కాలమున గ్రహించిన వెదురు అన్నిటికంటె మేలనినది. అమెరికాఖండపు ఆదిమజాతులు ఎఱ్ఱదేవదారని వ్యవహరింపబడు మ్రానితో విండ్లు చేసికొనిరి. హిమాలయమునందలి దేవదారువు మనకు దొరకదు. మన మెట్టపొదలలో దేవదారి యనబడునది వేఱొక చిన్నచెట్టు. ఏ దేశపు విల్లు ఆ దేశపు మ్రానిదే. మనవైపు వెదురును, సంస్కృతమున ధన్వనమనబడు తడకఱ్ఱయు విల్లునకు తగినవి.

ఇక పనితనము. కఱ్ఱ ముడులు లేక తిన్నగా చీలునదై యుండవలెను. కొట్టినవెంటనే వంచరాదు, నీడపట్టున మెల్లగా ఆఱనీయవలెను. ఎండ తగిలినచో పగుళ్లు పుట్టును. విల్లు వంగినపుడు వెలుపలిప్రక్క సాగును, విలుకానివైపు ప్రక్క నొక్కబడును. కావున వెలుపలిప్రక్క ఈనె తెగకుండ విడిచి లోపలిప్రక్కనే చెక్కవలెను. వెదురైనచో నిగనిగలాడు పైపొర వెలుపలికుండవలెను. నడుమ పిడికిలిపట్టు దళసరిగా నుంచి, కొప్పులవైపు సన్నగిలజేసి, వంచిచూచుచు, రెండు కొనలును సమముగ వంగువఱకు గీకవలెను. ఒకచోట అధికముగ గీకినచో విల్లు అచటనే విఱుగును. తీసినదానిని మరల చేర్చుట యసాధ్యము. అల్లెత్రాటికి చాగనార మేలు. చాగయే సంస్కృతమున మూర్వ. మౌర్వి యను మాట దానివలన వచ్చినదే. మన తెనుగు నారియు నారకు చుట్టమే.

ఇట్టి విద్య యేల పోయెను? ఆదోనిదుర్గము 1568లో బిజాపురమువారి వశమై, 1688లో ఔరంగజేబు సేనకు లొంగెను. అప్పటికే తుపాకి విల్లును వెనుకకు నెట్టుచుండెను. 1705లో వాగినగేరయొద్ద ఔరంగజేబు నెదిర్చిన బేడరు నాయకుడు పిడియానాయకుని బంట్లు తుపాకిగురికే పేరొందిరి. యుద్ధమున విల్లు తగ్గినను, వేటకును పొలముకాపునకును అది నిలిచియుండెను.

1876–78 నాటి ధాతుకరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను పీల్చివేసెను. ఆదోని అప్పుడు బళ్లారిజిల్లాలోనిది. 1953లో గదా కర్నూలులో చేరినది! మదరాసు రాజధానిలో ఆకటిజనులు పైజెప్పిన దేవదారియాకును సైతము తినిరి. ఆ కరువు ముగియుచున్న 1878లోనే ఆయుధశాసనము వచ్చెను. అందు తుపాకులు, కత్తులు, బల్లెములతోపాటు విండ్లును అమ్ములును ఆయుధములుగ పేర్కొనబడినవి. అనుమతిపత్రము లేక ఆయుధములు చేయుటయు, ధరించి తిరుగుటయు నేరమయ్యెను. 1882లో మదరాసు అటవీశాసనము వచ్చి, రక్షితారణ్యములలో కఱ్ఱకొట్టుటకును వేటాడుటకును అడ్డు కలిగించెను. ఇట్లు నాలుగేండ్లలో విల్లును, విల్లునకు కావలసిన మ్రానును రెండును చట్టమునకు లోబడెను. కావున పనితనము చాలక విల్లు పోయినదని ఎవ్వరును తలపరాదు. వేటకాడన మోటువాడని చులకన చేయువారికి, పైజెప్పిన లెక్కయు ఓర్పుమే సమాధానము.

కడపట నొక మనవి. సభాసదులు తమ గ్రామవృద్ధులనడిగి, విల్లునకు వాడిన చెట్లపేర్లు, పనిముట్ల పేర్లు, నార తీయు విధము వ్రాయించి సంఘమునకు పంపుదురుగాక. ఏ యింటనైన పాతవిల్లున్నచో, చెదలు పట్టకమునుపే దాని పొడవును కఱ్ఱపేరును వ్రాసియుంచుడు. వృక్షశాస్త్రము చదువు మన పేదవిద్యార్థి యొకనికి ఈ పరిశోధనకై ఒక సంవత్సరము విద్యావేతన మొసగుట పోషకులకు భారము గాదు. చేసినవారి పేర్లు పోయినవి; చేసిన తీరైన పోకుండ కాపాడుట మన విధి.