జరీ పోగు నుంచి బేస్ తీగ దాకా

గద్వాల చీర అంచు కొసలో వేలాడే ఒక్క జరీ పోగు తీసి, గోటితో మెల్లగా విప్పి చూడండి. లోపల పట్టు పోగు కనిపిస్తుంది. దాని మీద, రేకులా చదును చేసిన సన్నటి లోహపు తీగ చుట్టు పక్కన చుట్టుగా సందు లేకుండా తిరిగి ఉంటుంది. వంగే గుణం పట్టుది, మెరుపూ బరువూ లోహానివి. బేస్ గిటార్ తీగను తయారు చేసేదీ ఇదే పద్ధతిలో. కాకపోతే లోపల పట్టుకు బదులు ఉక్కు ఉంటుంది. పైన చుట్టిన తీగ గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా అన్నదాన్ని బట్టి గిటార్ గొంతే మారిపోతుంది. వినడానికి చిన్న సంగతే గానీ, అది తేలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

చిక్కంతా మంద్రస్థాయితోనే. పైస్థాయి స్వరాలకు సన్నటి తీగ తీసుకుని బిగిస్తే చాలు. కింది స్వరం కావాలంటే మూడే దారులు: తీగను పొడవు చెయ్యాలి, వదులు చెయ్యాలి, లేదా బరువు పెంచాలి. పొడవు పెంచితే చేతికి అందదు. వదులు చేస్తే నాదం పోయి రొద మిగులుతుంది. బరువు కోసం లావు చేస్తే తీగ కాస్తా కడ్డీ అయి, మీటినా పలకదు.

మన నాగర్‌కర్నూల్ వైపు కిన్నెర ఈ చిక్కుకు తనదైన జవాబు చెప్పుకుంది. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికిన మెట్లు. వెనకటి రోజుల్లో తీగగా జంతువుల నరాలు వాడేవారని చెబుతారు, ఇప్పుడు లోహపు తీగే. తీగ బక్కదైనా బుర్ర దాని గొంతును నింపుతుంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరి వీణలను వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర వాయించే భక్తుడు బ్రహ్మయ్య ఉన్నాడు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఊరూరా జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడి, 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. అంతకు ముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు మొదట వినిపించిన గొంతు ఆయనదే. ఆ కిన్నెరను దగ్గర నుంచి విన్నవాళ్లకు ఒకటి అర్థమవుతుంది: మనవాళ్లు తీగ లోటును బుర్రతో పూడ్చారు. తీగనే మార్చాలన్న పట్టుదల వేరే చోట పుట్టింది.

యూరప్‌లో అప్పట్లో తీగలంటే ఎక్కువగా గొర్రె పేగులే. వాటిని శుభ్రం చేసి, మెలిపెట్టి, ఆరబెట్టేవారు. మంద్రం కోసం 16వ శతాబ్దం చివర ఇటలీలో పొడవు దారి పట్టారు. థియోర్బో అనే వాయిద్యానికి మెడ సాగదీసి సాగదీసి, మొత్తం వాయిద్యాన్ని మనిషి ఎత్తుకు తెచ్చారు. దాన్ని మోసుకుని వెళ్లిన వాద్యకారుణ్ని తలుచుకుంటే జాలేస్తుంది. ఈ దశలో పారిస్‌లో ఉన్న మారిన్ మెర్సెన్ అనే సన్యాసి లెక్క కట్టడానికి కూర్చున్నాడు. మామూలు తీగ కంపనాలు కంటికి అందవు గనుక, చాలా పొడవైన తాళ్లనూ తీగలనూ కట్టి, అవి ఊగే ఊగులను లెక్కపెట్టాడు. 1636లో తన గ్రంథంలో తేల్చిన నియమం ఇప్పటికీ చెక్కుచెదరలేదు: పొడవూ బిగువూ మారకుండా ఒక స్థాయి కిందికి దిగాలంటే తీగ బరువు నాలుగింతలు కావాలి. అంటే లావు రెండింతలు. గిటార్‌లో అన్నింటికంటే సన్నని తీగ సెకనుకు దాదాపు 330 సార్లు కంపిస్తుంది. బేస్ గిటార్‌లో లావుపాటి ‘ఈ’ తీగ కంపించేది 41 సార్లే. మధ్య దూరం మూడు స్థాయిలు. బరువు అరవై నాలుగింతలు, లావు ఎనిమిదింతలు! అంత లావు ఒంటి తీగ పలకడం కల్ల. మెర్సెన్ లెక్క చిక్కును విప్పలేదు గానీ, అది ఎంత పెద్దదో చూపించింది.

విప్పినవాడి పేరు చరిత్ర గట్టిగా చెప్పదు. 1660ల నాటికి లండన్‌లో కొత్త తీగల మాట వినిపించింది. 1664లో జాన్ ప్లేఫోర్డ్ అనే సంగీత ప్రచురణకర్త వాటి గురించి ప్రకటించాడు: పేగు మీదో పట్టు మీదో సన్నటి లోహపు తీగ చుట్టిన తీగలవి. అంటే జరీ పనివాళ్లకు తెలిసిన విద్యే! లోపలి పోగు వంగుతుంది, పైచుట్టు బరువిస్తుంది. బరువు పెరిగినా బిరుసు పెరగదు. అంతకాలం పండితులను ఏడిపించిన ముడి ఇలా విడిపోయింది.

ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు మంద్రం పెద్ద వాయిద్యాల్లోనే ఉండిపోయింది. నిలబెట్టి వాయించే డబుల్ బేస్‌ను కారులో పెడితే మనిషికి చోటుండదు. బండి నిండా వాయిద్యమే గనుక తోటివాళ్లంతా కలిసి వెళ్తుంటే బేస్ వాయించేవాడు ఒంటరిగా వెళ్లాల్సి వచ్చేది. ఆ ఒంటరితనం చూసే, అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్మార్క్ 1930ల నడుమ గిటార్‌లా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. పదిహేనేళ్ల తర్వాత కాలిఫోర్నియా ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ మళ్లీ అదే పని ఎత్తుకున్నాడు. విచిత్రం, ఆయనకు గిటార్ వాయించడమే రాదు! 1951లో ప్రెసిషన్ బేస్ బయటికొచ్చింది. తీగ పొడవు 34 అంగుళాలు. ఆ కొలతే ఇవాళ్టికీ మామూలు కొలత.

కానీ గిటార్ చేసినంత మాత్రాన సరిపోలేదు. తీగ కదలికను పట్టే పికప్ అయస్కాంతంతో పనిచేస్తుంది. దానికి ఉక్కు, నికెల్ లాంటి లోహాల కదలికే తెలుస్తుంది, పేగు తీగ ఎంత ఊగినా వినపడదు. అందుకని డబుల్ బేస్ తీగలు పనికిరాక, లోపల ఉక్కు, పైన చదును రేకు చుట్టిన తీగలు వచ్చాయి. వాటినే ఫ్లాట్‌వౌండ్ అంటారు. వేలు వాటి మీద గాజు మీద జారినట్టు జారుతుంది. స్వరం గుండ్రంగా, ముతక లేకుండా, కాస్త మొద్దుగా వస్తుంది. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటల వెనక జేమ్స్ జేమర్సన్ వాయించినవి లావుపాటి ఫ్లాట్‌వౌండ్లే. తెగితే తప్ప ఆయన తీగలు మార్చేవాడు కాదు. పాతబడి మెరుపు చచ్చిన ఆ తీగల్లోంచే ప్రపంచం నడుం ఊపిన బేస్ పుట్టింది. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి ఆయనే.

ఆ మొద్దు స్వరం అందరికీ నచ్చలేదు. లండన్‌లో ‘ది హూ’ అనే రాక్ బృందంలో ఉన్న జాన్ ఎంట్‌విసిల్‌కు బేస్ పియానోలా గణగణలాడాలి. 1965లో ‘మై జనరేషన్’ పాటలో బేస్ ఒంటరిగా వాయించే ఘట్టం ఉంది. దానికోసం సన్నటి తీగలున్న డేన్‌ఎలక్ట్రో గిటార్ కొన్నాడు. తీగ తెగింది. ఊరంతా వెతికినా విడి తీగలు దొరకలేదు. తీగ కోసం ఇంకో గిటారే కొన్నాడు! అదీ తెగింది, మళ్లీ కొన్నాడు. చివరికి విసిగి, వేరే గిటార్‌తోనే రికార్డింగ్ ముగించాడు.

అప్పటికే ఇంగ్లండ్‌లో జేమ్స్ హౌ అనే ఇంజినీర్ తీగల పనిలో ఉన్నాడు. ఆయన ఆ పనిలోకి రావడం ఒక సినిమా పుణ్యం. 1949 నాటి ‘ది థర్డ్ మ్యాన్’లో జిథర్ వాయిద్యం విని మోజుపడి నేర్చుకోబోతే తీగలు దొరకలేదు. దొరక్కపోతే చుట్టుకుందామని తీగ చుట్టే యంత్రం తానే కట్టుకున్నాడు. 1958 నాటికి అదే వ్యాపారమైంది, రోటోసౌండ్ అన్న పేరు తెచ్చుకుంది. 1966లో ఎంట్‌విసిల్ తన గిటార్ తీసుకుని వాళ్ల దగ్గరికే పోయాడు. లావు తీగలు సరిగా మోగడం లేదని ఆయన ఫిర్యాదు. ఒకటి చుట్టడం, బిగించి మీటడం, కాదనుకుని మరొకటి చుట్టడం. అలా నచ్చేదాకా సాగింది. చదును రేకుకు బదులు గుండ్రటి తీగ చుట్టిన ఆ రకం ‘స్వింగ్ బేస్ 66’గా అంగట్లోకి వచ్చింది. రౌండ్‌వౌండ్ బేస్ తీగల కాలం అలా మొదలైంది.

గుండ్రటి చుట్ల మధ్య గాళ్లుంటాయి. వేలికి గరుకు తగులుతుంది, మీటితే లోహపు మెరుపు వినబడుతుంది. కానీ ఆ గాళ్లే శత్రువులు కూడా. అమెరికాలో జాకో పాస్టోరియస్ తన బేస్‌కు మెట్లు లేకుండా చేసి ఈ తీగలే బిగిస్తే, అవి మెడ చెక్కను ఆకురాయిలా అరగదీశాయి. పడవలకు పూసే ఎపాక్సీ అనే జిగురు తెచ్చి చెక్క మీద గట్టి పొరగా పట్టించాడు. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో పాడినట్టు వినిపించే బేస్ అలాంటిదే. ఇక రెండో గొడవ, గాళ్లలో చెమటా మురికీ చేరి కొన్ని వారాల్లోనే మెరుపు పోవడం. డబ్బుల్లేనివాళ్లు పాత తీగలను నీళ్లలో మరగబెట్టి మళ్లీ వాడతారు. గుణం కనిపిస్తుంది గానీ ఎక్కువ రోజులు నిలవదు. దీనికి మందు సైకిళ్ల వైపు నుంచి వచ్చింది. గోర్ కంపెనీలో డేవ్ మైయర్స్ సైకిల్ గేర్ తీగలకు టెఫ్లాన్ జాతి పూత పూస్తూ, గిటార్ తీగకు పూస్తే ఏమవుతుందనుకున్నాడు. ఏళ్ల తరబడి సహోద్యోగులతో కలిసి పట్టుబట్టాక, 1997లో పూత వేసిన తీగలు అమ్మకానికి వచ్చాయి.

ఇప్పుడు వనపర్తిలో పెళ్లి బ్యాండుకో, గద్వాలలో చర్చి పాటలకో బేస్ వాయించే కుర్రాళ్లకు ఒక మాట. డెబ్బైల నాటి సినిమా పాటల బేస్ కావాలంటే ఫ్లాట్‌వౌండ్ వేసుకోండి, అవి ఏళ్ల తరబడి ఉంటాయి. బొటనవేలితో కొట్టి వాయించాలన్నా, పదిమంది వాయిద్యాల మధ్య వినబడాలన్నా రౌండ్‌వౌండ్. అందులో స్టీలుది ఎక్కువ పదును, నికెల్‌ది కాస్త మెత్తన. చెయ్యి బాగా చెమర్చేవాళ్లు పూత ఉన్నవి కొంటే ధర ఎక్కువైనా గిట్టుబాటు అవుతుంది. 45 నుంచి 105 గేజ్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ లావు) సెట్టు మామూలుది. లావు మారిస్తే మెడ వంపు మారుతుంది గనుక, లోపలి రాడ్‌ను తెలిసినవాళ్లతో సరిచేయించుకోండి. ఆర్డర్ పెట్టే ముందు మీ గిటార్ తీగ పొడవు 34 అంగుళాలేనా కాదా టేపుతో కొలవండి. షార్ట్ స్కేల్ సెట్టు దానికి అందదు, విప్పాక వాపసు తీసుకునే దుకాణాలు తక్కువ.