దూకడానికి దూకుడొక్కటే చాలదు

1966 జూలై 24న కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో మైకేల్ పెల్కీ, బ్రయన్ షూబర్ట్ అనే ఇద్దరు ఎల్ కాపిటాన్ కొండ కొమ్ము మీంచి పారాచూట్లతో దూకారు. విమానం నుంచి దూకడం ఇద్దరికీ వచ్చు. కొండ మీంచి ఎలా దూకాలో చెప్పే పాఠశాల మాత్రం అప్పటికి ఎక్కడా లేదు. వాళ్ల వీపున ఉన్నవి గొడుగులాంటి గుండ్రటి పారాచూట్లు. అవి గాలి ఎటు తోస్తే అటు పోతాయి. ఆ రోజు కొండ వైపే తోసింది. రాతికి కొట్టుకుంటూ దిగి ఇద్దరూ ఎముకలు విరగ్గొట్టుకున్నారు, ప్రాణాలు దక్కాయి. నలభై ఏళ్లు గడిచాక, 2006 అక్టోబరులో, వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ గార్జ్ వంతెన మీంచి దూకడానికి షూబర్ట్ మళ్లీ వచ్చాడు. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. పారాచూట్ తెరవడం ఆలస్యమై, అక్కడ ఏటా జరిగే ఉత్సవానికి వచ్చిన జనం చూస్తుండగానే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ రెండు జంపుల మధ్య ఈ క్రీడకు ఒక పేరు వచ్చింది, సొంత సామగ్రి వచ్చింది, తొలి అడుగు నేర్పే కోర్సులు వచ్చాయి. కొత్తగా వచ్చినవాడు దూకడానికి పనికొస్తాడా లేదా అన్నది ఎవరు తేల్చాలనే ప్రశ్నకు మాత్రం జవాబు చాలా నెమ్మదిగా, చాలా ఖరీదుగా దొరికింది. మొదట ఆ తీర్పు కొండ చెప్పింది, తరవాత ఒక అంకె చెప్పింది, చివరికి గురువు చేతికి వచ్చింది. అంకె మీద ఈ క్రీడ పెట్టుకున్న నమ్మకం అవసరానికి మించినదనీ, గురువు కంటికి ఇవ్వాల్సినంత విలువ ఇంకా దక్కలేదనీ ఈ చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

ధైర్యాన్ని అర్హతగా లెక్కిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి 1912 ఫిబ్రవరి మొదటి వారం చాలు. 2వ తేదీన రాడ్‌మన్ లా న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ మీంచి పారాచూట్‌తో దూకి బతికాడు. రెండు రోజులకు పారిస్‌లో ఫ్రాన్జ్ రైఖెల్ట్ అనే దర్జీ తాను కుట్టుకున్న పారాచూట్ అంగీ తొడుక్కుని ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి దూకాడు. బొమ్మకు తొడిగి పరీక్షిస్తాడనుకుని పోలీసులు అనుమతి ఇచ్చారు, తీరా అక్కడికి వెళ్లాక తానే దూకుతానన్నాడు. అంగీ సరిగా విచ్చుకోలేదు, నేల తాకగానే పోయాడు. ఇద్దరికీ గుండె ధైర్యం సమానమే. ఆ మాటకొస్తే అంచు మీద కాసేపు తటపటాయించి దూకిన రైఖెల్ట్‌కే ఒక పాలు ఎక్కువ ఉండాలి. తెలుగులో ‘దూకుడు’ అంటే దూకే పనీ అవుతుంది, తొందరపాటు తెగువా అవుతుంది. మన భాష ఒకే మాటలో కట్టేసిన ఈ రెండింటినీ విడదీయడమే ఈ క్రీడ నేర్చుకున్న మొదటి పాఠం.

ఆ పాఠానికి దారి వేసింది ధైర్యం కాదు, గుడ్డ. 1960ల్లో డొమినా జాల్బర్ట్ రూపొందించిన పారాఫాయిల్ నుంచి, గాలి నింపుకుని రెక్కలా మారే చదరపు పారాచూట్లు వచ్చాయి. వాటిని ఎటు కావాలంటే అటు నడపవచ్చు, అంటే కొండకు ఎదురుగా తిరిగితే వెనక్కి మళ్లించుకోవచ్చు. 1978 ఆగస్టులో కార్ల్ బోనిష్ తన మిత్రులు నలుగురు అలాంటి పారాచూట్లతో ఎల్ కాపిటాన్ మీంచి దూకుతుంటే సినిమా తీశాడు. పెల్కీ, షూబర్ట్‌ల ప్రయత్నం విడ్డూరంగా మిగిలిపోతే, ఈ చిత్రం చూసినవాళ్లకు ఇది నేర్చుకోదగ్గ విద్య అనిపించింది. 1980 వేసవిలో అమెరికా జాతీయ ఉద్యానవనాల శాఖ కొద్ది వారాలపాటు అనుమతి పత్రాలిచ్చి ఎల్ కాపిటాన్ మీంచి దూకనిచ్చింది, అదీ స్కైడైవింగ్‌లో అనుభవం ఉన్నవాళ్లనే. నియమాలు పాటించనివాళ్లతో విసిగి ఆ ఏడాదే తలుపు మూసేసింది. ‘ఎవరు దూకవచ్చు’ అని బయటివాళ్లు గీత గీయడం అది మొదటిసారి. ఆ గీతను విమానం నుంచి దూకిన అనుభవంతో గీశారు. పక్కింటి తక్కెడతో మన సరుకు తూచడమనే ఆ అలవాటు నేటికీ పోలేదు.

మరుసటి ఏడాది ఈ క్రీడ తన సొంత పట్టం కనిపెట్టింది. బోనిష్, ఆయన భార్య జీన్, ఫిల్ స్మిత్, ఫిల్ మేఫీల్డ్ కలిసి భవనం, యాంటెనా, వంతెన, కొండ అనే నాలుగింటి ఇంగ్లిష్ పేర్ల తొలి అక్షరాలు కూర్చి ‘బేస్’ అనే పేరు పెట్టారు. నాలుగింటి మీంచీ ఒక్కోసారి దూకినవాళ్లకు వరుస సంఖ్య ఇచ్చారు. 1981 జనవరిలో స్మిత్‌కు ఒకటో సంఖ్య, మేఫీల్డ్‌కు రెండోది దక్కాయి. తరవాతి కాలంలో ఆ వరుస రెండు వేలు దాటింది. చూడ్డానికి ఇది డిగ్రీలా ఉంటుంది గాని, పరీక్ష పెట్టేది కొండ, ఫలితం చెప్పేదీ కొండే. తప్పినవాళ్లకు సప్లిమెంటరీ ఉండదు. పట్టం కట్టించిన బోనిష్ 1984 జూలైలో నార్వేలోని ట్రోల్ గోడ మీంచి భార్యతో కలిసి ఎత్తులో రికార్డు జంప్ చేశాడు. ఆ సందడి సద్దుమణగకముందే అదే గోడ మీద మరోచోటు నుంచి దూకి చనిపోయాడు. అంతటి అనుభవజ్ఞుడు పోయాడంటే, అనుభవం ఎంత ఉన్నా ప్రతి అంచునూ కొత్త అంచుగానే చూడాలని అర్థం. నార్వే 1986లో ఆ గోడ మీద నిషేధం పెట్టింది.

నిషేధాలు దూకడాన్ని ఆపలేదు, నేర్పడాన్ని చీకట్లోకి నెట్టాయి. 1980ల్లో ఈ విద్య చేతి నుంచి చేతికి, రాత్రిపూట, తెలిసినవాళ్ల మధ్యే సాగింది. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు. ఆ రోజుల్లో గురువు దొరికినా విద్య చీకటిదే. ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది. శిష్యుడి వల్ల తప్పు జరిగితే చోటు బయటపడుతుంది, పోలీసులు వస్తారు, కాబట్టి ఎవరిని వెంట తీసుకెళ్లాలో గురువు వందసార్లు ఆలోచించేవాడు. కానీ చాటుమాటు వ్యవహారం సామగ్రిని, సమయాన్ని, ప్రశాంతతను మింగేస్తుంది. 1999 అక్టోబరు 22న జాన్ డేవిస్ అనే అనుభవజ్ఞురాలు నిషేధానికి నిరసనగా ఎల్ కాపిటాన్ మీంచి బాహాటంగా దూకింది. జప్తు చేస్తారని సొంత సామగ్రి పక్కనపెట్టి అరువు సామగ్రి కట్టుకుంది. అందులో పైలట్ చూట్, అంటే పెద్ద పారాచూట్‌ను బయటికి లాగే చిన్న గొడుగు, ఆమె చేతికి అలవాటైన చోట లేదు. అది అందుకోలేక ఆమె చనిపోయింది. ఆమె జంపుల లెక్క ఏ కోర్సులోనైనా చేర్చుకునేంత పెద్దది. ఆ క్షణంలో అక్కరకు రావాల్సింది ఆ లెక్క కాదు, చేతికీ సామగ్రికీ మధ్య ఉండాల్సిన పరిచయం.

1990ల్లో బేస్‌కే ప్రత్యేకంగా సామగ్రి కుట్టేవాళ్లు పుట్టాక కోర్సులు పట్టపగటి వెలుగులోకి వచ్చాయి. తాము అమ్మిన పారాచూట్‌ను తప్పుగా మడిచి ఎవరైనా పోతే ఆ పాపం తమకూ అంటుతుందని వాళ్లకు తెలుసు. అందుకు కుదిరిన చోటు ఐడహోలోని ట్విన్ ఫాల్స్. అక్కడ స్నేక్ నది మీద 148 మీటర్ల ఎత్తున ఉన్న పెర్రిన్ వంతెన మీంచి ఏడాది పొడవునా ఏ పత్రమూ అడగకుండా దూకనిస్తారు. కోర్సులు ఎక్కువగా వంతెన దగ్గరే ఎందుకు మొదలవుతాయో చెబితే ఈ విద్య స్వభావం తెలుస్తుంది. బేస్‌లో పారాచూట్ తెరుచుకోకపోవడమే కాదు, తెరుచుకుని కొండ వైపు తిరగడం కూడా ప్రాణం తీస్తుంది. వంతెన నుంచి దూకినవాడి వెనక గోడ ఉండదు. పారాచూట్ ఎటు తిరిగి తెరుచుకున్నా గాలే, కింద నీరే. కొత్తవాడు చేయగల తప్పుల్లో అతి భయంకరమైన దాన్ని చోటే మాఫ్ చేస్తుంది. కోర్సు మొదటి రోజంతా ఇంచుమించు గది నేల మీదే గడిచిపోతుంది, మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ మడవడంతో. స్కైడైవింగ్‌లో పది, పదిహేను నిమిషాల్లో అయ్యే మడత ఇక్కడ కొత్తవాడికి గంట దాటుతుంది. ఎందుకంటే ఇందులో రెండో పారాచూట్ లేదు, ఉన్నా దాన్ని తెరిచే సమయం లేదు. మొదటి జంప్‌లో తరచు గురువే వెనక నిలబడి పైలట్ చూట్ తాలూకు పట్టీని చేత్తో పట్టుకుంటాడు. శిష్యుడు అంచు వదిలి పడుతుంటే ఆ పట్టీయే పెద్ద పారాచూట్‌ను సంచిలోంచి లాగుతుంది, తాళ్లు బిగిశాక గురువు చెయ్యి ఖాళీ అవుతుంది. తాడు కట్టిన పసివాడి నడకలాంటిదే, కాకపోతే ఆ తాడు ఒక్క క్షణమే ఉంటుంది.

ఇప్పుడు అంకె సంగతి. చాలా కోర్సులు చేరాలనుకునేవాళ్లను కనీసం 200 స్కైడైవ్‌లు అడుగుతాయి. దీనికి అభ్యంతరం బలమైనదే. విమానం నుంచి దూకేవాడు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ, చేతులూ కాళ్లూ గాలికి ఆనించి శరీరాన్ని తిప్పుకుంటాడు. వంతెన నుంచి పడే మొదటి మూడు సెకన్లలో ఆనుకోవడానికి అంత గాలే ఉండదు. అంచు వదిలేటప్పుడు శరీరం ఏ కోణంలో ఉంటే అదే ఖాయం. అమెరికాలో అనుభవజ్ఞులైన స్కైడైవర్లు కూడా సుమారు 2,500 అడుగుల, అంటే 760 మీటర్ల ఎత్తున పారాచూట్ తెరవాలి. పెర్రిన్ మీంచి మూడు సెకన్లు పడితే 44 మీటర్లు పోయి నీటికి నూరు మీటర్లే మిగులుతుంది. అలాంటప్పుడు విమానంలో నేర్చిన తలకిందుల విన్యాసాలు ఇక్కడ ఎందుకు పనికొస్తాయి, నేరుగా వంతెన మీదే నేర్పితే పోలేదా అంటారు. పడే విద్య వరకు ఈ వాదన సరైనదే. దిగే విద్య దగ్గర ఇది నిలవదు. తెరుచుకున్న పారాచూట్ తప్పు దిక్కు చూస్తే ఒక్క క్షణంలో తాళ్లు లాగి మళ్లించడం, రాళ్ల మధ్య చాప వెడల్పు జాగాను గురిచూసి దిగడం, వేగం తగ్గించి గుడ్డ కూలిపోయే అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి తేవడం, ఇవన్నీ చేతులకు అలవాటుగా మారాలి. ఆ అలవాటు రావాలంటే వందలసార్లు దిగాలి. తప్పు చేసినా సర్దుకునే ఎత్తు ఉన్నది విమానం దగ్గరే. అయితే అంకె చూపించలేనిది ఒకటుంది. నేటి స్కైడైవర్లు చిన్నవీ వేగమైనవీ అయిన పారాచూట్లను ఇష్టపడతారు. బేస్‌లో వాడేవి ఏడు గదుల పెద్ద, నిదానపు గుడ్డలు. 200 జంపులూ చిన్న గుడ్డతో, విశాలమైన మైదానంలో దిగినవాడి కంటే, బేస్ పారాచూట్‌ను విమానం నుంచే ముప్పై సార్లు తెరిచి, గీసిన గుర్తు మీద దిగడం సాధన చేసినవాడు వంతెనకు ఎక్కువ సిద్ధం. అంకెకు విలువ ఉందిగాని, అది గడప మాత్రమే.

ఇంకో అభ్యంతరం డబ్బు వైపు నుంచి వస్తుంది. కోర్సు అమ్మేవాడికి విద్యార్థిని వెనక్కి పంపితే నష్టం, పైగా సామగ్రి అమ్మేవాడే పాఠం చెబితే ఎవరినైనా చేర్చుకుంటాడు, పాత చీకటి రోజుల గురువే నయం అని. ఈ అనుమానం ఊహాజనితం కాదు. కానీ కళ్లెదుట ఉన్న లెక్కలు చూడాలి. నార్వేలోని కెరాగ్ కొండ దగ్గర 1995 నుంచి 2005 వరకు 20,850 జంపులను పరిశీలించిన వైద్యులు 9 మరణాలు, ప్రాణం పోని ప్రమాదాలు 82 నమోదు చేశారు. అంటే సుమారు 2,300 జంపులకు ఒక చావు. మరో అధ్యయనం 1981 నుంచి 2006 వరకు జరిగిన 106 మరణాలను పరిశీలించి, 2002లో ఈ క్రీడ ఆడిన ప్రతి 60 మందిలో ఒకరు ఆ ఏడాది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే మొదటి జంప్ మీద కంటే తరవాతి ఏళ్ల మీద అనుమానం ఎక్కువ పడుతుంది. ఒక్కో జంప్‌లో ముప్పు చిన్నదిగా కనిపించినా, ఏడాదికి వందలసార్లు దూకేవాడికి అది పోగుపడి పెద్దదవుతుంది. కొత్తవాడికి తొలిరోజే ఈ లెక్క చెప్పగలిగింది బహిరంగంగా నడిచే కోర్సే. చీకట్లో నేర్చినవాడికి పోయినవాళ్ల కబుర్లు కూడా చాటుగానే అందేవి.

దూకడం సొంత విషయం, ఎవరో వద్దనడమేమిటి అనే మాట కూడా ఈ క్రీడలో గట్టిగానే వినిపిస్తుంది. దూకేవాడి ప్రాణం అతనిదే, ఒప్పుకోవాలి. కానీ అంచు మీద పట్టీ పట్టుకున్న చెయ్యి గురువుది, కింద నదిలో దిగి వెతికే పని మరొకరిది, ప్రమాదం జరిగితే మూతపడే చోటు అందరిదీ. గాలి బాగులేదని సంచి కట్టుకునే వెనక్కి నడవగలడా, మడతలో అనుమానం వస్తే విప్పి మళ్లీ మడుస్తాడా, తోటివాళ్ల ఎదుట ‘ఈ రోజు నేను దూకను’ అనగలడా అన్నవి ఏ లాగ్‌బుక్‌లోనూ కనిపించవు. కోర్సు మూడు నాలుగు రోజుల్లో శిష్యుణ్ని గమనిస్తే కనిపిస్తాయి. అందుకే ఎంపిక అనేది చేరే ముందు ముగిసే పని కాదు, చివరి జంప్ దాకా నడిచేది. రుసుము కట్టినంత మాత్రాన దూకించి తీరాలన్న బాధ్యత కోర్సుకు ఉండకూడదు. ఎంతమందిని దూకించామో కోర్సులవాళ్లు ఎలాగూ చెప్పుకుంటారు. ఎంతమందిని వంతెన దాకా తీసుకెళ్లి వెనక్కి పంపారో కూడా రాసి పెట్టాలి. చేరాలనుకునేవాళ్లు మొదట అడగాల్సిన లెక్క అదే.