ఏడు పాపాలు కాదు, ఎనిమిది ఆలోచనలు

"ఏడు మహాపాపాలు" అన్న మాట హాలీవుడ్ సినిమాల పుణ్యమా అని మనలో చాలామంది విన్నదే. అసలు విషయమేమిటంటే, అవి మొదట్లో ఏడు కాదు, ఎనిమిది. పైగా పాపాలు కాదు, ఆలోచనలు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ కథంతా అక్కడే ఉంది.

వాటిని వరసపెట్టి రాసినాయన ఎవాగ్రియస్. నల్ల సముద్రం పక్కన పొంటస్ ప్రాంతంవాడు. 381 నాటికి కాన్‌స్టాంటినోపుల్ చర్చిలో డీకన్, మంచి వాదనాపటిమ ఉన్నవాడు. ఓ పెద్దింటి వివాహిత మీద మనసుపడి, వ్యవహారం చెయ్యి దాటకముందే ఊరొదిలి జెరూసలేం చేరాడు. అక్కణ్ణుంచి ఈజిప్టు ఎడారికి. పుస్తకాలకు నకళ్ళు రాసి పొట్టపోసుకుంటూ, 399లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఎడారిలో మనుషులు లేరు, ఆలోచనలు మాత్రం వెంటే వచ్చాయి. తిండి, కామం, డబ్బు, దిగులు, కోపం, విసుగు, కీర్తి కాంక్ష, గర్వం. ఇవి రాకుండా ఆపడం మన చేతుల్లో లేదంటాడాయన. వచ్చినదానికి పీట వేసి కూర్చోబెట్టాలా వద్దా అన్నదే మన చేతుల్లో ఉంది.

మరి ఏం చెయ్యాలి? మొదటిది, గమనించడం. ఏ ఆలోచన ఎప్పుడొస్తోంది, దేని వెనక ఏదొస్తోంది? మన భాషలో లాగ్ ఫైలు చదవడమన్నమాట. విసుగు గురించి ఆయన రాసింది చూడండి: ఉదయం పదింటికి మొదలై మధ్యాహ్నం రెండు దాకా పీడిస్తుందట. సూర్యుడు కదలడు, చూపు కిటికీ వైపే పోతుంది, చేసే పని మీద ఏవగింపు, ఇంకెక్కడికైనా పోతే బాగుండునన్న ఊహ. ఇది ఏ క్యూబికల్‌లోవాళ్ళకి తెలీదు చెప్పండి?

రెండోది, బదులు చెప్పడం. 'ఆంటిరెటికోస్' అనే పుస్తకంలో దాదాపు 500 చెడ్డ ఆలోచనలు రాసి, ఒక్కోదానికి ఎదురుగా ఒక బైబిల్ వాక్యం పెట్టాడు. అవసరమొచ్చినప్పుడు మంచి మాట వెతుక్కుంటే దొరకదు, ముందే నోటికొచ్చి ఉండాలి. చెడు తలపు కూర్చునే చోట మంచి తలపుని కూర్చోబెట్టడమే ఆ సాధన.

ఆయన శిష్యపరంపరలోని జాన్ కాసియన్ 415 ప్రాంతంలో ఈ ఎనిమిదింటినీ ఫ్రాన్స్‌లోని మార్సెయికి తీసుకెళ్ళాడు. ఆరో శతాబ్దం చివర్లో పోప్ గ్రెగరీ విసుగుని తీసేసి అసూయని చేర్చి, గర్వాన్ని అన్నిటికీ మూలంగా పక్కన పెట్టి, ఏడు చేశాడు. ఈలోగా ఒరిజెన్ సిద్ధాంతాల గొడవలో ఎవాగ్రియస్ పేరుకి మచ్చపడింది. కొన్ని రచనలు నీలస్ అనే వేరే సన్యాసి పేరుతో బతికాయి, 'ఆంటిరెటికోస్' గ్రీకు మూలం పోయి సిరియాక్ అనువాదంలో మిగిలింది. కోడ్ ఉంది, రాసినవాడి పేరు మాత్రం చెరిగిపోయింది!

నన్నడిగితే అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఆలోచనల పట్టిక కాస్తా జనం నోట నేరాల పట్టిక అయిపోయింది. నేరమైతే దాచుకుంటాం. ఆలోచనైతే బయటపెట్టి చూసుకోవచ్చు, బదులూ చెప్పొచ్చు. మనసులో చెడ్డ తలపు వచ్చినంత మాత్రాన తాము చెడ్డవాళ్ళమైపోయామని కుమిలిపోయేవాళ్ళకి, ఆ ఎడారి సన్యాసి చెప్పిన తేడా ఇప్పటికీ పనికొస్తుంది.