వాపూ బలుపూ: పార్కిన్సన్ రోగంలో రక్తం సాక్ష్యం

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పల్లెల్లో చేయి వణికే ముసలాయన్ని చూస్తే ఇప్పటికీ ‘వాతం’ అనే వాళ్లున్నారు. బెంగళూరు వెళ్లొచ్చాక అదే పార్కిన్సన్ అవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే ఈ తాలూకాల్లో రక్తపరీక్ష కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఒంట్లో మంటను సూచించే సీఆర్‌పీ దగ్గర అంకె కాస్త ఎక్కువుంటే ‘మెదడులో వాపు’ అని అర్థం చెప్పుకోవడం తేలిక. ఆ అర్థం వెనక ఒక కథ ఉంది. 1988లో మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (మంట) కనబడింది, తర్వాత రక్తంలోనూ దొరికింది, ఇక రక్తంతోనే రోగాన్ని పట్టేయొచ్చు అని. మెట్లన్నీ ఉన్నవే. ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టు మీదికి దూకిన తీరే నాకు మింగుడుపడదు.

మొదటి అధ్యాయాలు అందరికీ తెలిసినవే. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించాడు, షార్కో దానికి ఆయన పేరు పెట్టాడు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేశారు. అదే ఈ జబ్బుకు మందుగా నిలబడటానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. పుస్తకాలు చటుక్కున దాటేసే సంగతి ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి, మెదడుకు మంట తెచ్చిన మత్తునిద్ర జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకో కొన్నేళ్లకో వణుకు, బిగుసుకుపోవడం వచ్చాయి. అంటే మెదడులో రగిలిన మంటకూ ఈ లక్షణాలకూ చుట్టరికం ఉందన్న అనుమానం 1988 కంటే చాలా పాతది.

1988లో వాంకూవర్‌లో మెక్‌గీర్ బృందం చూసింది చనిపోయిన రోగుల మెదళ్లను. డోపమైన్ తయారుచేసే నల్లటి భాగంలో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు పని మీదున్న గుర్తులు కనిపించాయి. దీన్ని తెలుగులో వాపు అంటున్నాం కానీ అక్కడ ఉబ్బిందేమీ లేదు. కణాలు రాలి ఆ చోటు వెలవెలబోయింది. మాట లోపం చిన్నదే, అది పుట్టించే అపోహ పెద్దది. చచ్చిన కణాల్ని ఊడ్చడానికి కాపలా కణాలు వచ్చాయేమో, మంట ఫలితమే తప్ప కారణం కాదేమో అన్న ఆక్షేపణ వెంటనే లేచింది. 1999లో లాంగ్‌స్టన్ బృందం దానికి కొంత జవాబిచ్చింది. ఎంపీటీపీ అనే విషం ఒంట్లోకెక్కి పార్కిన్సన్ లక్షణాలు వచ్చిన ముగ్గురి మెదళ్లలో, 3 నుంచి 16 ఏళ్ల తర్వాత కూడా ఆ కణాలు చురుగ్గానే ఉన్నాయి. విషం ఎప్పుడో పోయింది, మంట ఆరలేదు. ముగ్గురే అన్న మాటనూ మరిచిపోకూడదు.

అసలు తగాదా రక్తం దగ్గర. 1994లో జపాన్‌లో మోగి బృందం టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే సంకేత పదార్థం రోగుల మెదడులో, వెన్నునీటిలో ఎక్కువుందని చూపింది. ఆ తర్వాత అవే పదార్థాల్ని రక్తంలో కొలవడం ఊపందుకుంది. పేరు మారలేదు, అర్థం మాత్రం మారిపోయింది. రక్తంలోని ఐఎల్-6 అనే మరో సంకేత పదార్థం కొవ్వు నుంచి రావచ్చు, కండల నుంచి రావచ్చు. పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. చిగుళ్లలో చీము పట్టినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది.

అయినా 2008లో వచ్చిన అమెరికా అధ్యయనాన్ని నేను తీసిపారేయలేను. జబ్బు బయటపడక ముందే తీసి దాచిన రక్తాన్ని అందులో పరీక్షించారు. 84 మంది రోగుల్ని రోగం లేని 165 మందితో పోల్చితే ఐఎల్-6 ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. సీఆర్‌పీకి, టీఎన్ఎఫ్-ఆల్ఫా గ్రాహకాలకు అలాంటి సంబంధం కనబడలేదు. ‘ముందే’ అన్న మాటే దీని బలం, బలహీనతా అదే. చేయి వణకడానికి ఏళ్ల ముందే ఈ రోగం లోపల మొదలై ఉంటుంది. నిర్ధారణకు ముందు తీసిన రక్తం రోగానికి ముందు తీసిన రక్తం కాదు.

2016లో 25 అధ్యయనాల్ని కలిపి లెక్కించినప్పుడు ఐఎల్-6, టీఎన్ఎఫ్, ఐఎల్-1 బీటా, సీఆర్‌పీ అన్నీ రోగుల రక్తంలో ఎక్కువేనని తేలింది. చాలామంది ఇక్కడ కథ ముగిస్తారు. నాకు చింతామణి టమాటా మార్కెట్టు గుర్తొస్తుంది. రెండు లాట్ల సగటు బరువు తేడాగా ఉండొచ్చు. చేతిలో ఒక్క కాయ పెట్టి ఇది ఏ లాటుదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. గుంపుల మధ్య తేడా ఒక మనిషికి నిర్ధారణ కాదు. వాపును చూసి బలుపనుకోవద్దన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు.

పైగా ఈ అంకెల్లో చాలావరకు ఎక్కడో తేలినవి. 1998లో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన భారతీయుల మెదళ్లలో ఆ నల్ల కణాలు బ్రిటన్ మెదళ్లలో కంటే తక్కువున్నాయని, వయసుతో తరగడమూ కనబడలేదని రాశారు. మెదడు కణాల మామూలు లెక్కే ఒకటి కానప్పుడు రక్తంలోని మామూలు అంకెను అరువు తెచ్చుకోవడం ఎట్లా? రక్తంలో మంటను పెంచే కారణాలూ ఇక్కడ వేరే ఉన్నాయి. 2006లో చికున్‌గున్యా కర్ణాటకను ఊపేసింది. కొందరికి కీళ్లనొప్పులు నెలల తరబడి వదల్లేదు. షుగరు, పుచ్చిపళ్లు సరేసరి. ఇక బాగేపల్లిలో తీసిన రక్తం హైవే మీద వంద కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరు ల్యాబు చేరేలోపు, సీరం వేరుచేసి చల్లగా ఉంచకపోతే గొట్టంలోని కణాలే ఈ పదార్థాల్ని వదులుతాయి. ఆ పెరుగుదల మెదడుదీ కాదు, మనిషిదీ కాదు.

ఈ ప్రాంతానికి లెక్క తీసే సంప్రదాయం లేకపోలేదు. 1980లలో గౌరీదేవి బృందం ఇదే చిక్కబళ్లాపురం జిల్లాలోని గౌరిబిదనూరులో, అప్పట్లో అది కోలారు జిల్లా, నరాల జబ్బుల సర్వే చేసింది. 2004లో అచ్చయిన బెంగళూరు సర్వే 1,02,557 మందిని చూసింది. అందులో మొత్తం నరాల జబ్బులు పల్లెల్లో పట్నం కంటే దాదాపు రెట్టింపు. పార్కిన్సన్ పట్నవాసుల రోగమన్న నమ్మకానికి అక్కడ ఆధారం దొరకదు.

ఇప్పుడు వెన్నునీటిలో ఆల్ఫా-సిన్యూక్లిన్ పరీక్ష ముందుకొచ్చింది. 2023లో 1,123 మంది మీద దాని ఫలితాలు వచ్చాయి. అది ఈ రోగపు ప్రొటీన్‌నే నేరుగా వెతుకుతుంది, మంట జాడను కాదు. రక్తంలోని మార్కర్లు రోగం ఎంత వేగంగా ముదురుతుందో చెప్పడానికి, ఏ రోగికి ఏ మందు ప్రయోగించాలో ఎంచడానికి పనికొస్తాయని నా అంచనా. రోగం ఉందో లేదో తేల్చడానికి కాదు. న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే తెల్లకణాల నిష్పత్తి మీద ఈమధ్య ఆశలు పెట్టుకున్నారు. అది మామూలు సీబీసీ రక్తపరీక్షలోంచే వస్తుంది, చింతామణిలోనే తేలుతుంది. ఒక్కసారి తీసి చూస్తే నిన్నటి జలుబు కూడా అందులో పడుతుంది. ఒకే మనిషికి ఏడాదిలో నాలుగుసార్లు తీయాలి. పక్కన పళ్లు, షుగరు, కీళ్ల సంగతి రాసుకోవాలి. అదే ఊళ్లో వణుకు లేని ముసలివాళ్ల రక్తం కూడా అదే రోజు తీయాలి.