రుతువిరతి హార్మోన్ చికిత్స విరమణ: అమ్రాబాద్ పీఠభూమి నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రుతువిరతి దశలో వాడే హార్మోన్ మందును ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న పాశ్చాత్య వైద్యంలో 1975 నుంచి చర్చలో ఉంది. సహజంగా, ఏబయ్యో ఏట ముట్లుడిగిన స్త్రీని ఆ చర్చ ప్రమాణంగా తీసుకుంది. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలోనే అత్యధికంగా నమోదైన తెలుగు ప్రాంతాలలో ఈ ప్రశ్న వేరొక రూపం ధరించింది. అమ్రాబాద్‌తో కూడిన పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నేపథ్యంగా ఆ రెండు చరిత్రలను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రుతువిరతి, ఈస్ట్రోజెన్, గర్భసంచి తొలగింపు, ఆరోగ్యశ్రీ, అమ్రాబాద్, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం

నల్లమల అడవులలోని అమ్రాబాద్ పీఠభూమి మానవశాస్త్ర అధ్యయనాలలో ప్రసిద్ధమైన స్థలం. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఇక్కడి చెంచుల మధ్య క్షేత్రపరిశోధన జరిపి, 1943లో వారిపై గ్రంథాన్ని ప్రచురించాడు. నాడు నిజాం రాజ్యంలోనూ, తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఉన్న అమ్రాబాద్ 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఆధునిక వైద్య చరిత్రలో ఈ ప్రాంతానికి మరొక ప్రాధాన్యం ఉంది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం తొలివిడతగా అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ జిల్లాలలోనే మొదలయింది. ప్రభుత్వ వ్యయంతో ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొనే అవకాశం పాలమూరు పేదలకు ఆ విధంగా మొదటగా కలిగింది. ఆ తరువాతి సంవత్సరాలలో రాష్ట్రమంతటా చర్చకు వచ్చిన శస్త్రచికిత్సలలో గర్భసంచి తొలగింపు ముఖ్యమైనది.

2. మందు చరిత్ర: ఆదరణ, భయం, పునఃపరిశీలన

చూడిగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మిశ్రమం ‘ప్రెమారిన్’ 1942లో అమెరికా విపణిలోకి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ రాసిన గ్రంథం రుతువిరతిని ఒక లోపవ్యాధిగా చిత్రించి, ఈ మందును యౌవనరక్షణ సాధనంగా ప్రచారం చేసింది. 1975 డిసెంబరులో వెలువడిన రెండు అధ్యయనాలు ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా వాడినవారిలో గర్భాశయ లోపొర క్యాన్సర్ పెరుగుతున్నదని చూపాయి. అప్పటి నుంచి గర్భసంచి ఉన్న స్త్రీలకు ప్రొజెస్టిన్ జతచేసి ఇవ్వడం రివాజయింది. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఈ భేదం తరువాతి చరిత్ర అంతటికీ కీలకం.

‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అధ్యయనంలో రెండు మందులూ వాడే విభాగాన్ని 2002 జులైలో అర్ధాంతరంగా నిలిపివేశారు. అందులో 16,608 మంది స్త్రీలున్నారు. వారి సగటు వయస్సు 63 ఏళ్లు. ఏడాదికి ప్రతి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం కేసులు ఎనిమిదేసి అధికంగా నమోదయ్యాయి. తుంటి ఎముక విరగడం అయిదుగురిలో తగ్గింది. ఈ వార్తతో అనేక దేశాలలో లక్షలాది స్త్రీలు ఒక్కసారిగా మందు మానివేశారు. గర్భసంచి తొలగించిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన విభాగం 2004లో ముగిసింది. అందులో పక్షవాతం ముప్పు పెరిగింది కాని, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. అయితే మొదటి ఫలితం కలిగించిన భయాన్ని రెండవ ఫలితం తొలగించలేకపోయింది. ఒక విభాగపు ముప్పును మరొక విభాగపు స్త్రీలకు అంటగట్టడమే దీనికి కారణం. గర్భసంచి తీసిన అమెరికా స్త్రీలు ఈస్ట్రోజెన్ వాడకపోవడం వల్ల పదేళ్లలో కనీసం 18,601 అకాలమరణాలు సంభవించి ఉండవచ్చని 2013లో ఫిలిప్ సారెల్ బృందం అంచనా వేసింది. ఇది అంచనా మాత్రమే అయినా, మానడం కూడా ముప్పులేని చర్య కాదన్న స్పృహను కలిగించింది.

3. తెలుగు నేలపై ప్రశ్న తీరు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడత (2015–16) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. శస్త్రచికిత్స నాటి మధ్యస్థ వయస్సు దేశవ్యాప్తంగా 34 ఏళ్లు. మూడింట రెండువంతుల శస్త్రచికిత్సలు ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. అయిదవ విడతలో (2019–21) తెలంగాణ శాతం 8.2కు చేరింది.

ఈ స్థితికి కారణాలు పలు విధాలు. బాల్యవివాహం, త్వరితంగా కాన్పులు, జాతీయ సగటుకన్నా చిన్న వయస్సులోనే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరగడం వల్ల ముప్పై ఏళ్లు నిండేసరికి గర్భసంచి ‘పని తీరిన’ అవయవంగా పరిగణన పొందింది. తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుమునొప్పి వంటి మందులతో తగ్గగల బాధలకు సైతం ‘క్యాన్సర్ అవుతుంది’ అన్న హెచ్చరికతో శస్త్రచికిత్సలు జరిగాయి. కూలిపనికి వలసపోయే కుటుంబాలకు పదేపదే ఆసుపత్రికి తిరగడంకన్నా ఒక్కసారి ‘గర్భసంచి ఆపరేషన్’ చేయించుకోవడమే సులువన్న భావన దీనికి తోడయింది. విమర్శలు పెరిగిన మీదట ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో ఈ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేసింది. సొంత డబ్బుతో చేయించుకొనే శస్త్రచికిత్సలకు ఆ కట్టడి వర్తించలేదు. అనవసర శస్త్రచికిత్సల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అన్ని రాష్ట్రాలు అమలులోకి తేవాలని డా. నరేంద్ర గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న ఆదేశించింది.

4. అండాశయాల ప్రశ్న

గర్భసంచి తీసినా అండాశయాలు మిగిలితే హార్మోన్లు కొనసాగుతాయి; రుతువిరతి కొన్నేళ్లు ముందుగా రావచ్చు. అండాశయాలు కూడా తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, యోనిపొడి కొద్దిరోజులలోనే మొదలవుతాయి. ఎముకల పటుత్వం వేగంగా తగ్గుతుంది. నలభై అయిదేళ్లలోపు రెండు అండాశయాలూ తీసి, ఈస్ట్రోజెన్ ఇవ్వని స్త్రీలలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు చూపారు. అందువల్ల, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, తీవ్రమైన కాలేయవ్యాధి వంటి ఆటంకాలు లేనట్లయితే, సహజ రుతువిరతి వయస్సు వరకు హార్మోన్ ఇవ్వాలని నేటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. భారతీయ స్త్రీలలో ఆ వయస్సు సుమారు 46–47 ఏళ్లు.

ఇక్కడ ఒక తార్కిక భేదాన్ని గుర్తించాలి. అరవైమూడేళ్ల స్త్రీకి మందు ఇవ్వడమంటే ప్రకృతి ఆపినదానిని తిరిగి చేర్చడం. ముప్పైనాలుగేళ్ల స్త్రీకి ఇవ్వడమంటే కత్తి తీసివేసినదానిని భర్తీ చేయడం. మొదటి సందర్భంలో పుట్టిన భయాన్ని రెండవ సందర్భానికి వర్తింపజేయడం చారిత్రకంగానూ వైద్యపరంగానూ పొరపాటే. సహజ వయస్సు దాటిన తరువాతే ‘ఆపాలా, కొనసాగించాలా’ అన్న ప్రశ్నకు అసలైన అర్థం ఏర్పడుతుంది. ఆపినప్పుడు దాదాపు సగం మందిలో ఆవిర్లు తిరిగి వస్తాయి. క్రమంగా తగ్గించినా ఒకేసారి మానినా దీర్ఘకాలంలో పెద్ద తేడా కనబడలేదు. ఎముకలకు కలిగిన రక్షణ మాత్రం ఆపిన తరువాత తరిగిపోతుంది. కనుక ఏడాదికొకసారి రక్తపోటు, రొమ్ము పరీక్ష, ఎముకల స్థితి చూసి నిర్ణయించాలి. అడవి అంచు గూడెం నుంచి అచ్చంపేట మీదుగా పట్టణానికి పోవలసిన స్త్రీకి ఆ వార్షిక పరీక్ష అంటే ఒక రోజు కూలి, బస్సు ఖర్చు, తోడు మనిషి. అందువల్ల చాలామంది విషయంలో ‘ఆపడం’ ఆలోచించి తీసుకొన్న నిర్ణయం కాకుండా, మందు అందకపోవడం వల్ల కలిగిన ఫలితంగా మారే ప్రమాదం ఉంది.

5. ముగింపు

జాతీయ సర్వే గర్భసంచి ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు తీశారో అడుగుతుంది. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడగదు. ఫలితంగా తెలుగు స్త్రీలలో ఎందరికి ఈ మందు అవసరమో లెక్కించే ఆధారమే చరిత్రకారునికి లేకుండా పోయింది. హార్మోన్ చికిత్సను ఆపాలా అన్న చర్చకన్నా ముందు, అది ఎవరికి మొదలుపెట్టవలసి ఉండెనో తేలాలి. డిశ్చార్జి కాగితం మీద అండాశయాల సంగతి తెలుగులో ఒక్క వాక్యంగా రాసి రోగి చేతికివ్వడం, తదుపరి సర్వేలో ఆ ప్రశ్న చేర్చడం ఖర్చులేని పనులు. ఆ వాక్యం చేతిలో ఉన్న స్త్రీ పదేళ్ల తరువాత ఏ వైద్యుని ముందు కూర్చున్నా తన నిర్ణయాన్ని తాను తీసుకోగలదు.