హౌరాకీ మైదానం, మన డెల్టా

బోటనీ డౌన్స్ నుండి దక్షిణంగా బయలుదేరి, బాంబే కొండలు దిగి తూర్పునకు మళ్ళితే గంట ప్రయాణంలో హౌరాకీ మైదానం వస్తుంది. సమతలమైన పచ్చిక, గట్లు, మురుగు కాలువలు, ఉత్తరాన సముద్రం. కృష్ణా, గోదావరి మండలాల నుండి వచ్చిన మనవారికి ఆ దృశ్యం కొత్త కాదు.

రెండూ నదుల ఒండ్రుతో పూడిన నేలలే. హౌరాకీ, భూమి పొరలు విరిగి క్రుంగిన పల్లం. నేడు హామిల్టన్ మీదుగా పారే వైకాటో నది 20 వేల ఏళ్ళకు పూర్వం ఈ దారినే సముద్రంలో కలిసేది. నది దారి మళ్ళాక వైహో, పియాకో నదుల మధ్య నేల చిత్తడిగా మిగిలింది. మిరాండా వద్ద వరుసలు తీరిన గవ్వల దిబ్బలు సముద్రం వెనుదీసిన జాడలు. మన డెల్టాలోని ఇసుక మెరకలూ అటువంటివే. వాటిమీదనే ఎన్నో ఊళ్ళు వెలిశాయి. కొల్లేరు ఆ రెండు డెల్టాల నడుమ పూడక మిగిలిన పల్లం.

1769 నవంబరులో కెప్టెన్ కుక్ వైహో నదిలో ఎగువకు వెళ్ళి కహికతియా మహావృక్షాలను చూచి అబ్బురపడ్డాడు. మావోరీలకు ఆ చిత్తడి చేపలను, నారను ఇచ్చిన జీవనాధారం. 1908లో హౌరాకీ మైదాన చట్టం చేసి ప్రభుత్వం నీటిని వెడలగొట్టి, భూమిని పాడి రైతులకిచ్చింది. మనవైపు జరిగినది ఇందుకు విరుద్ధం: 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయి నీటిని పొలాలకు మళ్ళించాయి. రెండు చోట్లా సిరి పండింది.

కాని పల్లపు నేల తన స్వభావం మానలేదు. హౌరాకీలో నీరు తీసిన పీట్ నేల ఏటేటా క్రుంగుతున్నది. మన నదుల ఒండ్రులో చాలాభాగం ఎగువ జలాశయాలలోనే ఆగిపోతున్నది; డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతున్నది. 1864లో ఉప్పెన బందరులో సుమారు 30 వేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది ఒక్క రాత్రిలో పోయారు. 2018 జనవరిలో ఇక్కడి కైఆవా తీరాన పోటు, తుఫాను కలిసి సముద్రాన్ని ఇళ్ళలోకి తెచ్చాయి.

ఉప్పెనను ఆపడం మన చేతిలో లేదు. దాని వేగాన్ని తగ్గించే మడ అడవులను నరకకుండా, ఇసుక దిబ్బలను తవ్వకుండా ఉండడం మాత్రం మన చేతిలోనిదే. తీర గ్రామాలలో నేటికీ పొలమో, ఇల్లో, అన్నదమ్ములో ఉన్న మనం సెలవులకు వెళ్ళినప్పుడు ఊరిపెద్దలతో ముందుగా మాట్లాడవలసిన విషయం ఇది.