తిరిగి వచ్చిన గొంతు: వీడియో పాఠాల వెనుక ధ్వని చరిత్ర

ఈనాటి పాఠాన్ని నాకు ఎదురైన ఒక ఇబ్బందితో మొదలుపెడతాను.

2020లో బడులు మూతపడిన రోజులవి. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయిని ఆనుకొని జాముల్ అనే ఊరు ఉంది. ఒకవైపు ఉక్కు కర్మాగారం, ఇంకోవైపు 1965 నాటి సిమెంటు కర్మాగారం. ఈ కర్మాగారాల్లో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో కూర్చొని, శ్రీకాకుళం వైపు ఉన్న కొందరు పిల్లలకు వీడియో కాన్ఫరెన్సు ద్వారా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నేను ఒక మాట అనగానే, అర సెకను తరువాత అదే మాట నా గొంతుతోనే నాకు తిరిగి వినిపిస్తోంది. అలా వినిపిస్తూ ఉంటే మాట్లాడటం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు, నాలుక తడబడిపోతుంది. నా లాప్‌టాప్‌లో ఉన్న ప్రతి ఆడియో సెట్టింగునూ మార్చాను. మైకు మార్చాను. ఇరవై నిమిషాలు పోయాయి, పాఠం పోయింది.

తప్పు నా దగ్గర లేనే లేదు. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే, లోపం దాదాపు ఎప్పుడూ అవతలి వైపే ఉంటుంది. అవతలి గదిలోని స్పీకరులో నుంచి వచ్చిన నా మాట, ఆ గదిలోని మైకులోకి దూరి, నాకే తిరిగి వస్తోంది. బాధ నాది, సరిచేయవలసిన మీట వారి చేతిలో. ఈ చిన్న విషయం అర్థం చేసుకోవడానికి ఇంజనీర్లకు చాలా ఏళ్లు పట్టలేదుగాని, దాన్ని నయం చేయడానికి మాత్రం దాదాపు అరవై ఏళ్లు పట్టింది. ఆ కథే ఈ పాఠం.

దూరపు టెలిఫోన్లలో ప్రతిధ్వని గదిలో పుట్టేది కాదు, తీగలోనే పుట్టేది. ఇంటికి వచ్చే లైనుకు రెండు తీగలు, దూరం వెళ్లే లైనుకు నాలుగు తీగలు. ఆ రెండూ కలిసేచోట కొంత విద్యుత్తు వెనక్కి మళ్లేది. ఊరు దగ్గరైతే ఆ ప్రతిధ్వని వెంటనే వచ్చి మన మాటలోనే కలిసిపోతుంది, తెలియదు. దూరం పెరిగేకొద్దీ ఆలస్యంగా వచ్చి చెవిని పొడుస్తుంది. దీనికి మందుగా ఎకో సప్రెసర్ అనే పరికరం వచ్చింది. అమెరికాలో క్లార్క్, మాథిస్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో దాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. దాని పద్ధతి మొరటుది: ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దారిని మూసేయడమే. ప్రతిధ్వని రాదు, నిజమే. కాని రెండోవారి మాట కూడా రాదు.

నా ఉద్దేశంలో ఈ చరిత్రలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. దారి ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి అని ఒక యంత్రం నిర్ణయిస్తోంది. గట్టిగా, ఆగకుండా మాట్లాడేవారికి దారి దొరుకుతుంది. తరగతి గదిలో అది ఎవరో మీకు చెప్పనక్కరలేదు.

ఉపగ్రహాలు వచ్చాక ఈ మొరటు మందు ఇక పనిచేయలేదు. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావాలంటే సుమారు 72,000 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయినా దాదాపు పావు సెకను పడుతుంది. ప్రతిధ్వని తిరిగి చేరడానికి అర సెకను. ఇంత ఆలస్యంలో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరి మాటలూ తెగిపోవడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మామూలైపోతుంది.

దీనికి విరుగుడు బెల్ ప్రయోగశాలల్లో దొరికింది. జాన్ కెల్లీ, బెన్ లోగన్ అనే శాస్త్రవేత్తల ఆలోచన ఇది: దారిని మూయవద్దు. వెనక్కి రాబోయే ప్రతిధ్వని ఎలా ఉంటుందో ముందే అంచనా కట్టి, దాని నకలును తయారుచేసి, వచ్చిన ధ్వనిలో నుంచి తీసివేయండి. మిగిలేది అవతలివారి మాట ఒక్కటే. మన లెక్కల పుస్తకంలోని తీసివేతే! అయితే గది మారితే, మనిషి కదిలితే, తలుపు తెరిస్తే ప్రతిధ్వని మారుతుంది. కనుక అంచనా క్షణక్షణం తనను తాను దిద్దుకోవాలి. ఈ దిద్దుబాటు పద్ధతికి గణిత పునాదిని 1967లో ప్రచురించిన వ్యాసంలో వివరించినవారు మన్ మోహన్ సోంధీ. ఫిరోజ్‌పూర్‌లో పుట్టి, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ, తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనూ చదివినవారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు ఎందుకు కనిపించదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1980లో ఈ పనిని ఒకే చిప్‌పై చేసే వీలు వచ్చాక, అది ఖరీదైన వస్తువు కాకుండా పోయింది. ఇవాళ మీ ఫోనులో ఎకో క్యాన్సిలేషన్ అని ఉండేది దీని సంతానమే.

ఇక మన దేశానికి వద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ ఒకటి, నాటి మధ్యప్రదేశ్ ఒకటి. మధ్యప్రదేశ్ గ్రామాలు రాయపూర్ పరిసర జిల్లాలవి, అంటే నేడు జాముల్ ఉన్న ఛత్తీస్‌గఢ్ ప్రాంతానివే. ఆ ప్రసారంలో ఒక చిత్రానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. ఒకే బొమ్మకు రెండు భాషలు వినిపించవచ్చు. తెలివైన ఏర్పాటు. కాని గ్రామం నుంచి తిరిగి ఒక్క మాట కూడా పోయే దారి లేదు. చెట్టు కింద కూర్చున్న పిల్లవాడికి సందేహం వస్తే అది చెట్టు కిందే ఉండిపోయేది.

ఆ తిరుగుదారి మెల్లగా తెరుచుకుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాలో 1996లో మొదలైన ప్రయోగంలో, చిత్రం ఒకవైపే వెళ్లినా, మాట రెండువైపులా నడిచింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢై తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ తరగతులు మొదలుపెట్టింది. 1975లో ఒక్క మాట కూడా తిరిగి పంపలేని జిల్లాల్లో, పిల్లలకు మాట్లాడే మైకు దొరికింది. గమనించండి, ఈ వరుసలో తిరిగి వెళ్లే ధ్వనికి దారి దొరికిన చాలా కాలానికిగాని తిరిగి వెళ్లే బొమ్మకు దొరకలేదు. బొమ్మ ఆగిపోయినా పాఠం నడుస్తుంది. మాట ఆగితే నడవదు.

జాముల్‌లో జరిగినదానికి మళ్లీ వస్తాను. అవతల ఒకే గదిలో ఇద్దరు పిల్లలు రెండు ఫోన్లు తెరిచి కూర్చున్నారు. ఎకో క్యాన్సిలేషన్‌కు తన సొంత స్పీకరులో ఏం మోగుతోందో మాత్రమే తెలుసు. పక్క ఫోను స్పీకరు నుంచి వచ్చే నా గొంతు దాని లెక్కలో లేదు. అందుకే దాన్ని కొత్త మనిషి మాటగా భావించి నాకు పంపేసింది. ఒక ఫోనులో మైకునూ, స్పీకరునూ రెంటినీ ఆపించాను. గొంతు తిరిగి రావడం ఆగిపోయింది. ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు ఉంటే అసలు లెక్కే అక్కరలేకపోయేది.

మిగిలిన సెట్టింగుల గురించి రెండు మాటలు. గొంతు స్థాయిని తానే పెంచి తగ్గించేది ఆటోమేటిక్ గెయిన్. దీని మూలం 1925లో హెరాల్డ్ వీలర్ రేడియో కోసం కనిపెట్టిన పద్ధతి. అందరూ మౌనంగా ఉన్నప్పుడు అది మైకును పెంచుకుంటూ పోయి కూలరు చప్పుడును పట్టుకొస్తుంది. నాయిస్ సప్రెషన్ ఆ కూలరు చప్పుడును తీసేస్తుంది, కాని మెత్తగా మాట్లాడే పిల్ల గొంతు చివరి అక్షరాలనూ దానితోపాటు తినేస్తుంది. వీణ పాఠం చెప్పేవారు దీన్ని ఆపుకోవాలి, లేకపోతే మీటిన తీగ నాదం మధ్యలోనే చచ్చిపోతుంది.

మీరు చేసి చూడవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఇద్దరు మిత్రులు వేరువేరు ఇళ్లలో, ఇయర్‌ఫోన్లు లేకుండా కాల్ కలపండి. ఒకరు ఒకటి నుంచి ఇరవై వరకు గట్టిగా లెక్కపెట్టాలి. అదే సమయంలో రెండోవారు మామూలు గొంతుతో వారాల పేర్లు చెప్పాలి. లెక్కపెట్టినవారికి ఏడు వారాలూ తెగకుండా వినబడ్డాయా? మంగళవారమో, గురువారమో మాయమైతే, మీ చేతిలోని ఫోను ఆ క్షణంలో 1925 నాటి సప్రెసరులా పనిచేసిందన్నమాట. ఇప్పుడు ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అదే మళ్లీ చేయండి. రెండుసార్లూ వినబడిన పేర్లను రాసుకొని పక్కపక్కన పెట్టి చూడండి.